చెవిలేని పూట్టు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పంకా చప్పుడుకి సగం మాట గాలిలోనే పోతుంది. కాళ్ళు చాపుకుంటే చాపుకోండి, ఫోన్లు మాత్రం బోర్లా పెట్టండి. ఇది సీతమ్మాళ్ సంగతి. మదురై నుంచి ఉసిలంపట్టి పోయే దారిలో, మన తెలుగోళ్ళ వీధిలో నీలం గేటు ఇల్లుందే, ఆ ఇంటి పెద్దామె. కొడుకు సెంథిల్‌కి కొబ్బరి నార మిల్లు ఉంది. మనవరాలు తులసికి కోయంబత్తూరులో ఉద్యోగం.

మనుషులు తమ లోపాలు ఎన్నైనా ఒప్పుకుంటారు. చదువు రాదంటారు, కోపం ఎక్కువంటారు, చెయ్యి ఉప్పు దగ్గర ఆగదంటారు. నాకు తమాషాగా మాట్లాడటం చేతకాదని ఒక్కరైనా చెప్పగా విన్నారా? సీతమ్మాళూ అంతే. తన రంగు గురించి, గురక గురించి, తను కలిపిన పులుసు గురించి ఎవరేమన్నా ఊరుకునేది. మాట విసరడంలో మాత్రం తనను మించిన మనిషి తేని ఊరి దాకా వెతికినా లేదని ఆమె నమ్మకం. నమ్మకం ఊరికే రాలేదు. ఆ వీధే ఇచ్చింది.

అక్కడ ఒక వాడుక ఉంది. నిశ్చయం రోజున తాంబూలాలు మార్చుకున్నాక, ఆడపిల్ల వైపు నుంచి ఒక పెద్దామె లేచి వియ్యాలవారిని తెలుగులో ఆటపట్టిస్తుంది. దాన్ని ఎకసక్కెం అంటారు. మగపెళ్ళివారు ఆ రోజు నోరెత్తకూడదు. పెళ్ళినాడు తాళి కట్టాక వాళ్ళ వైపు ఆడమనిషి లేచి బదులు చెబుతుంది. ఆ తర్వాత చివరి మాట మళ్ళీ ఆడపెళ్ళివారిది. ఆ చివరి మాటను జనం భోజనాల్లో చెప్పుకుని, బస్సుల్లో చెప్పుకుని, ఊళ్ళు దాటిస్తారు. ఏళ్ళ తరబడి ఆ వీధిలో ఏ పిల్లకు నిశ్చయమైనా ఎకసక్కేనికి లేచేది సీతమ్మాళే. ఆమె ఒక మాట అంటే చాలు, జనం పొట్టలు పట్టుకునేవారు.

అలాంటి సీతమ్మాళ్‌కి సొంత మనవరాలి నిశ్చయం వచ్చింది. పెళ్ళికొడుకు వసంతకుమార్, దిండిగల్ పిల్లవాడు. వాళ్ళూ తెలుగువాళ్ళే. తండ్రి గోపాలసామికి తాళాలు తయారుచేసే పట్టరై, అంటే చిన్న కార్ఖానా, ఉంది. ఆ గోపాలసామి బొత్తిగా మాట్లాడని మనిషి. పిల్లను చూడడానికి వచ్చిన రోజు కాఫీ తాగడానికి తప్ప నోరు తెరవలేదు. అది చూసినప్పుడే సీతమ్మాళ్ లోపల ఒక మాట మొలిచింది. తాళాలు చేసే ఈయనే పెద్ద తాళం, తెరిచే సాధనం మాత్రం ఎక్కడో పారేసుకున్నాడు. ఆ మాటను ఆమె ఇల్లు ఊడుస్తూ, దోసె తిరగేస్తూ, పూజ గదిలో వత్తి ఎగదోస్తూ కూడా చెక్కుకుంటూ వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, బాగా వినండి. సీతమ్మాళ్ ఇంట్లో తాళాన్ని బీగం అంటారు, దాన్ని తెరిచేదాన్ని చెవి అంటారు. దిండిగల్ తెలుగువాళ్ళకి ఆ మాటలు ఎప్పుడో పోయాయి. వాళ్ళు చుట్టూ ఉన్న తమిళం పట్టుకుని తాళాన్ని పూట్టు అంటారు, చెవిని సావి అంటారు. వాళ్ళ వ్యాపారాన్ని వాళ్ళ మాటతోనే అంటే సంతోషిస్తారని సీతమ్మాళ్ బీగం వదిలేసి పూట్టు తీసుకుంది. సావి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. శుభకార్యంలో సావి అంటే చావు అన్నట్టు వినిపించదూ? అందుకని ఆ ఒక్క మాటా తన ఇంటిదే ఉంచుకుంది.

నిశ్చయం రోజు తాంబూలాలు మారాయి. సీతమ్మాళ్ లేచి కొంగు సర్దుకుంది. "సంబంధిగారు ఊరికంతా పూట్టు చేసి ఇస్తాండారు. ఆయన మాత్రం చెవిలేని పూట్టు" అంది గోపాలసామి వైపు చూస్తూ.

ఎవరూ నవ్వలేదు. అర్థం కాలేదేమోనని ఆమె ఇంకొంచెం గట్టిగా, ఇంకోసారి అంది. ఈసారి సాయంగా చెయ్యి కూడా ఎత్తి, నోటికి వేసిన తాళం తెరుస్తున్నట్టు చెంప పక్కన వేళ్ళు తిప్పి చూపించింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆ వేళ్ళు చెవి దగ్గర తిరిగినట్టే కనిపించాయి. గోపాలసామి చెయ్యి మెల్లగా తన ఎడమ చెవి వెనక్కి పోయింది. అక్కడ ఒక చిన్న మిషను ఉంది. వినికిడి మిషను. ఆయన మాట్లాడకపోవడానికి సగం కారణం అదే. ఆడపెళ్ళివారిలో అది అంతవరకూ ఎవరికీ తెలియదు.

గోపాలసామి చెల్లెలు కర్పగం తాంబూలం తట్ట కింద పెట్టేసి లేచింది. "మా అన్నకి చెవి సరిగ్గా వినపడదని మేము ముందే చెప్పలేదని, ఇట్ల సభలో పెట్టి గుచ్చుతాండారా?" అని అడిగింది.

సీతమ్మాళ్ అది చెవి కాదు చెవి అని చెప్పబోయింది. అలా చెబితే ఎవరికి అర్థమవుతుంది? సెంథిల్ చేతులు జోడించాడు. తులసి తల దించుకుంది. దిండిగల్ వాళ్ళు ఆకుల ముందు కూర్చున్నారు గానీ పాయసం రాకముందే లేచిపోయారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ గట్టివాళ్ళు కాబట్టి సంబంధం నిలబడింది. మర్నాడు ఫోన్ మాత్రం వచ్చింది. పెళ్ళిలో ఆ పెద్దామె లేవకూడదని కర్పగం చెప్పింది. సెంథిల్ సరేనన్నాడు, ఇంకేదైనా ఉంటే చెప్పమని కూడా అన్నాడు.

ఆ కబురు అమ్మకు చెప్పడానికి సెంథిల్ పొద్దున కాఫీ వేళ చూసుకున్నాడు. "నువ్వు లెయ్యొద్దమ్మా" అన్నాడు.

"మరి చివరి మాట ఎవరు చెప్పేది?"

"నేను చెప్తా."

సీతమ్మాళ్ కొడుకు ముఖం వైపు చూసింది. సెంథిల్ రోజూ ఎవరో పంపిన తమాషాలు కుటుంబం గ్రూపులో పెట్టి, ఎవరూ నవ్వకముందే నవ్వే బొమ్మలు తనే పెట్టుకునే మనిషి. అది ఆడవాళ్ళ పని కదా అందామె. కాలం మారిందన్నాడు. నిశ్చయంలో తను అన్న మాట నిజంగా బాగుందా లేదా, అది ఒక్కటి చెప్పమంది. అతను మిల్లుకి టైమైందని బండి తీశాడు.

ఆ రోజు నుంచి ఆమెకు అదే పట్టుకుంది. మనవరాలి పెళ్ళిలో చివరి మాట తనది. ఎవరెవరి పిల్లలకో అన్ని ఏళ్ళు లేచి నిలబడి, తన ఇంటి పిల్లకు మాత్రం మూలన కూర్చోవాలా? తను చేసిన తప్పేమిటి? తమాషా తెలియనివాళ్ళకి తమాషా చెప్పడమే కదా. ఒక్కరు, ఒకే ఒక్కరు ఆ మాట బాగుందని ఒప్పుకుంటే, ఆ మనిషిని వెంటబెట్టుకుని దిండిగల్ దాకా పోయి నిరూపించడానికి ఆమె సిద్ధం.

శనివారం తులసి ఊరికి రాగానే పట్టుకుంది. పూట్టు ఎందుకు పెట్టిందో, సావి ఎందుకు వదిలిందో అంతా విడమరిచి చెప్పింది.

"సావి అని ఉంటే సరిపోయిండును అవ్వా" అంది తులసి.

"శుభకార్యంలో సావి అంటారా? చావు మాదిరి వినపడదా?"

"అయితే బీగం అనాల్సింది. ఒక మాట వాళ్ళది, ఒక మాట మనది కలిపేస్తివి. వాళ్ళకి చెవి అంటే చెవే కదా."

"కలిపేదే అందమే అమ్మి."

తులసి పకపకా నవ్వింది. సీతమ్మాళ్ ముఖం విచ్చుకుంది, ఇప్పటికి తెలిసిందా అని అడిగింది. మాటకి కాదవ్వా, నిన్ను చూస్తే నవ్వొచ్చింది అని ఆ పిల్ల లోపలికి పోయింది. సీతమ్మాళ్‌కి ఒళ్ళు మండింది.

మిల్లుకి పోయింది. నార ఆరబోస్తున్న ఆడవాళ్ళని చెట్టు నీడకి పిలిచి అదే మాట చెప్పింది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి చెప్పమని వాళ్ళే అడిగారు, చెప్పింది. ఈసారి ముందు వరుసలో ఉన్న కాళియమ్మాళ్, ఇంకా చెవి అనే మాట రాకముందే, పూట్టు దగ్గరే నవ్వడం మొదలుపెట్టింది. సీతమ్మాళ్ ఆగిపోయింది. యజమాని తల్లి నోరు తెరిస్తే నవ్వాలి, అదీ కూలిలో భాగమే. మాట ఇంకా పూర్తి కాలేదు కాళియమ్మా అంది. మీరు చెప్తే పూర్తి అయ్యేంతవరకూ ఆగేకి అయితాదా అంది కాళియమ్మాళ్. ఇంత మంచి బదులు చెప్పే మనిషి కూడా తన మాటకి నవ్వలేదే అని ఆమెకు ఇంకా చిరాకేసింది.

ఇక మిగిలింది రామాయి. సీతమ్మాళ్ ఆడబిడ్డ. ఇన్నేళ్ళూ ఏ ఇంటి ఎకసక్కెమైనా ముందు వరుసలో కూర్చుని నవ్విన మనిషి. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక కూతురితో బోడినాయకనూరులో ఉంటోంది, అందుకే తులసి నిశ్చయానికి రాలేకపోయింది. ఆమె ఉండి ఉంటే ఆ రోజు అలా జరిగేదా? తమాషా తెలిసిన మనిషి ఒక్కరైనా సభలో ఉండాలి కదా. ఈ ఆలోచన రాగానే సీతమ్మాళ్ బోడినాయకనూరు బస్సెక్కింది. పక్క సీటులో తమిళం ఆమె కూర్చుంటే ఊరుకోలేక ఆమెకూ చెప్పి చూసింది. తమిళంలో ఆ మాట చెవి తెగిన తాళమై కూర్చుంది. ఆమె పాపం ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగింది.

రామాయి కూతురి ఇల్లంతా ఏలకుల వాసన. అల్లుడికి ఏలకుల వ్యాపారం. రామాయి మంచం మీద కాళ్ళు చాపుకుని, వదినను చూసి మురిసిపోయి, కాఫీ పెట్టించింది. సీతమ్మాళ్ కాఫీ ముట్టుకోలేదు. నిశ్చయం రోజు నుంచి జరిగింది మొత్తం చెప్పి, ఆ మాటను ఆ రోజు ఎలా అందో అలాగే లేచి నిలబడి, కొంగు సర్దుకుని అంది. అని, చూసింది.

రామాయి పెదవి వణికింది, భుజాలు కదిలాయి, ఒక్కసారిగా మంచం కిర్రుమనేటట్టు నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వంటింట్లో ఉన్న కూతురు ఏమీ వినకుండానే అక్కడి నుంచి నవ్వింది.

"చూస్తివా. నవ్వొచ్చింది కదా" అంది సీతమ్మాళ్.

"మాటకి కాదు వదినా" అంది రామాయి.

"మరి?"

"నువ్వు అనేసినాక, ఎవరు నవ్వుతారా అని గింజలు వెతికే కోడి మాదిరి తల అట్లా ఇట్లా తిప్పుతావే, అది చూస్తే నాకు ఆగదు. ఎప్పుడూ దానికే నవ్వేది."

సీతమ్మాళ్ కూర్చుంది. మరి జనం ఎందుకు నవ్వేవాళ్ళని అడిగింది. నన్ను చూసి వాళ్ళు నవ్వేవాళ్ళు అని రామాయి చెప్పింది. అంతటితో ఊరుకుందా? "నిజం చెప్పాలంటే తమాషా నాది వదినా. నోరు మాత్రం నీది" అంది. ఆ ముక్క చెప్పేటప్పుడు రామాయి ముఖంలో వంకర లేదు, దెప్పడం లేదు. ఎప్పటి నుంచో తనకు తెలిసిన విషయం చెబుతున్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళూ తనే సభను నవ్వించానని ఆ మనిషీ అనుకుంటూ ఉందన్నమాట.

సీతమ్మాళ్ భోజనానికి ఆగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తను లేచిన ఒక్కొక్క పెళ్ళినీ తలుచుకుంది. ప్రతి పెళ్ళిలోనూ ముందు వరుసలో రామాయి కూర్చునే ఉంది. ఆమె లేకుండా జనం నవ్విన పెళ్ళి ఒక్కటైనా ఉండదా? ఆండిపట్టి దగ్గరికి వచ్చేసరికి ఒకటి దొరికింది. అప్పుడు రామాయి జ్వరంతో ఇంట్లోనే ఉంది, జనం మాత్రం పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. సీతమ్మాళ్ నిటారుగా కూర్చుంది. వెంటనే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే వంటమనిషి పాయసం గిన్నెతో జారి పెళ్ళికొడుకు మేనమామ ఒళ్ళో కూర్చున్నాడు.

ఇంటికొచ్చి, పెళ్ళిలో నేను లెయ్యను, మీరే చెప్పుకోండి అనేసింది. సెంథిల్ సంతోషాన్ని దాచుకోలేకపోయాడు. అది తులసికి నచ్చలేదు. అవ్వ మాట లేకుండా తన పెళ్ళేమిటని ఆ పిల్ల వసంతకుమార్‌కి ఫోన్ చేసింది. అతను తండ్రిని అడిగాడు. గోపాలసామి అంతా విని, చెప్పనీ అన్నాడట. ఆ ఒక్క మాటే. చెవి ఊసు ఎత్తకూడదని కర్పగం షరతు పెట్టింది. అలా పోయిన చివరి మాట మళ్ళీ సీతమ్మాళ్ చేతికొచ్చింది.

వచ్చాక కష్టం ఇంకా ఎక్కువైంది. ఇదివరకు నోటికి వచ్చిందల్లా బాగుందని తెలిసేది. ఇప్పుడు ఏది అనుకున్నా, ఇది బాగుందా, లేక రామాయి ఉంటే బాగుంటుందా అని అనుమానం. ఒక మాట అల్లుతుంది, గోడకు చెబుతుంది, తీసి పారేస్తుంది. అద్దం ముందు నిలబడి చెబితే తల తిరిగిందా లేదా అని చూసుకోవడంతోనే మాట మరిచిపోతుంది. వంటింట్లో గిన్నెల మీద విసుక్కుంది, మొక్కల మీద విసుక్కుంది. చివరికి పెళ్ళి దగ్గరపడ్డాక ఒకటి కుదిరింది. అది తన నోటి నుంచి వచ్చినవాటన్నిటిలోకి మంచిదని ఆమె ఇప్పటికీ అంటుంది.

పెళ్ళి తిరుమంగళం మండపంలో. మోకాళ్ళ మూలంగా రామాయి రాలేదు. తాళి కట్టడం అయింది. మగపెళ్ళివారి తరఫున కర్పగం మైకు పట్టుకుని లేచింది. ఆమెకు ఎకసక్కెం కొత్త. ఎవరిని చూసి నేర్చుకుందో గానీ, తను బాగా చెప్పగలదని మాత్రం ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. "ఆడపెండ్లోళ్ళకి నార మిల్లు ఉండాది కదా, అందుకని వాళ్ళ మునక్కాయ సాంబారులో నార ఎక్కువ" అంది.

చివర చెప్పాల్సిన మిల్లు మాట ముందే చెప్పేసింది. ఆడపెళ్ళివారు బిగుసుకుని కూర్చున్నారు. ఆమె వైపు వాళ్ళు సగంమంది ఫోన్లలో ఉన్నారు. మైకు మాత్రం గుయ్‌మంది. సెంథిల్ అమ్మ వైపు వంగి, మాట పడిపోయింది చూడు, ఆమె కూర్చోగానే లేచి నువ్వు ఒక్కటి వెయ్యి అన్నాడు. సీతమ్మాళ్‌కి కావలసింది అదే. ఎదుటిది చప్పగా పడితే మీద పడే మాటకి ఎంత బలం. కర్పగం కూర్చోవడమే ఆలస్యం.

కర్పగం కూర్చోలేదు. మైకు గడ్డం కింద పెట్టుకుని, ఎవరు నవ్వుతారా అని తల కుడివైపు తిప్పింది, ఎడమవైపు తిప్పింది, మెడ సాచి వెనక వరుసల్లోకి చూసింది.

సీతమ్మాళ్ అది చూసింది. చూసి పెదవి కొరుక్కుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. జాలి కాదు, ప్రేమా కాదు, ఆ మెడ చూస్తే ఆగలేదంతే. నవ్వు ముక్కులో నుంచి మొదలై బయటికి తన్నుకొచ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వారు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు, ఫోన్లు చూసుకునేవాళ్ళు ఏమిటేమిటని తలెత్తి నవ్వారు. మండపమంతా నవ్వింది. గోపాలసామి కూడా మిషను సర్దుకుని నవ్వాడు.

కర్పగం ముఖం వెలిగిపోయింది. మైకు రెండు చేతులతో పట్టుకుంది. సాంబారు నుంచి రసానికి వచ్చింది, రసం నుంచి సెంథిల్ బట్టతలకి, అక్కడి నుంచి ఉసిలంపట్టి బస్సుకి, మళ్ళీ సాంబారుకి. ఒకసారి నవ్విన జనం ఊరికే నవ్వుతూనే ఉన్నారు. సీతమ్మాళ్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చేతులు నలుపుకుంటూ, ఇప్పుడు కూర్చుంటుంది, ఇప్పుడు కూర్చుంటుందని చూస్తోంది. ఇంతలో వంటవాళ్ళ మేస్త్రీ వచ్చి ఆకులు పరిచామన్నాడు. ఆ కబురు వినగానే జనం లేచారు. అన్నం వేడి మీద ఉండగా చివరి మాట కోసం ఎవరు నిలబడతారు? సీతమ్మాళ్ లేచి కొంగు సర్దుకుంది గానీ, ఆమె కూడా భోజనానికే లేచిందనుకుని ఎవరో దారి ఇచ్చారు.

పంక్తిలో కర్పగం వచ్చి ఆమె పక్క ఆకు ముందే కూర్చుంది. కూర్చుని, చెమట తుడుచుకుని, ప్రేమగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నేను మిమ్మల్ని తప్పుగా అనుకుంటిని. మీకు తమాషా చెప్పేకి రాకపోయినా, మంచి మాట వింటే నవ్వే గుణం ఉండాది. అది ఎల్లారికీ ఉండదు."

సీతమ్మాళ్ నోట్లో బదులు తయారుగా ఉంది. పదునుగా, ఉప్పూ కారం సరిపోయి, అక్కడే ఉంది. తల ఎత్తి చూసింది. ఎదురుగా గోపాలసామి అన్నం కలుపుకుంటూ చెల్లెల్ని చూసి ఇంకా నవ్వుతున్నాడు. తులసి పెళ్ళికొడుకు పక్కన కూర్చుని, అవ్వ నవ్విన సంతోషంలో అవ్వకేసి చెయ్యి ఊపింది. సీతమ్మాళ్ ఆ బదులును అన్నంతో కలిపి మింగింది. మిరియాల రసం మామూలుగా అయితే రెండోసారి పోయించుకోని మనిషి, ఆ రోజు గరిటెవాడిని ఆపి ఇంకా పొయ్యమంది. కర్పగం పక్క నుంచి, ఆ నార మాట ఎందుకు బాగుందో మొదటి నుంచి వివరిస్తూనే ఉంది.

ఇదీ జరిగింది. మీరు విన్నారు కాబట్టి ఇక ఇది మీ దగ్గర ఉండాలి. మీ పిల్లలకి చెప్పండి, అత్తగారి ఇళ్ళలో చెప్పండి, బస్సులో పక్క సీటువాళ్ళకి తెలుగు వస్తే చెప్పండి. చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాలు వెతకొద్దు. దిండిగల్ వైపు పోతే మాత్రం కర్పగం లేని చోట చూసుకుని చెప్పండి. ఆమె చెవిన పడిందా, ఇది నేనే ఇంకా బాగా చెప్తానని లేచి నిలబడుతుంది.